నీటికాసుల చుక్కలు కంట్లో ఎలా వేయాలి?

మా అమ్మకు నీటికాసులు (గ్లకోమా), అంటే కంటి నరం దెబ్బతిని మెల్లగా చూపు పోయే జబ్బు. తొమ్మిదేళ్లుగా రాత్రి తొమ్మిదింటికి ఆమె కళ్లలో చుక్కలు వేసేది నేనే. హనుమకొండలో మా వాడకట్టులో ఇంకో ముగ్గురికి కూడా నేర్పాను. అందరూ చేసే తప్పు ఒకటే. చుక్క పడగానే రెప్పలు టపటపా కొట్టేస్తారు.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా మొన రెప్పకు గానీ వేలికి గానీ తగలకూడదు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టే వేయాలి. కుర్చీలో తల వెనక్కి వాలిస్తే పెద్దవాళ్లకు మెడ పడుతుంది, చుక్క చెంప మీదికి పోతుంది. కుడి కన్ను ముందు, ఎడమ కన్ను తర్వాత. ఈ వరస తప్పితే ఏ కంట్లో వేశామో గుర్తుండదు. కింది రెప్పను మెల్లగా లాగితే చిన్న జేబులా అవుతుంది. నల్లగుడ్డు మీద కాదు, అందులో ఒక్క చుక్క వేయండి. కన్ను ఆ ఒక్క చుక్కనే పూర్తిగా పట్టుకోలేదు, రెండోది దండగ.

ఇక అసలు పని. కన్ను మెల్లగా మూయాలి, బిగించకూడదు. ముక్కు పక్కనున్న కనుకొలికిని చూపుడు వేలితో నొక్కి రెండు మూడు నిమిషాలు ఉంచాలి. నొక్కేది గుడ్డును కాదు, ముక్కు ఎముక పక్కన. కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్నని దారి అక్కడుంది. రెప్పలు కొట్టినకొద్దీ మందు ఆ దారిన ముక్కులోకి, గొంతులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. మొదట్లో అమ్మ రోజూ గొంతు చేదుగా ఉందనేది. అది వేసుకునే మాత్రల వల్ల అనుకున్నాను. కంటి డాక్టరు అడిగితే గానీ తెలియలేదు, కంటికి వేసిన మందు గొంతులోకి దిగుతోందని. ఈ జబ్బుకు వాడే టిమోలాల్ అనే చుక్కల మందు అయితే ఇంకా జాగ్రత్త, గుండె వేగాన్ని తగ్గించగలదు, ఊపిరి ఆడకుండా చేయగలదు. ఉబ్బసం ఉన్నా, నాడి నెమ్మదిగా కొట్టుకున్నా, ఆ మందు మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి. రెప్పలు కొడితే మందు కన్నంతా పాకుతుందని చెప్పేవాళ్లుంటారు. వినొద్దు.

రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఈ జబ్బుకే వాడే ఇంకో చుక్కల మందు లాటానోప్రాస్ట్ కొత్త సీసాను ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. విప్పాక 25 డిగ్రీలు దాటకుండా చూడాలి. మన వరంగల్ ఎండాకాలంలో అదీ ఫ్రిజ్‌లోనే ఉండాలి. సీసా విప్పిన తేదీని పెన్నుతో దాని మీదే రాయండి. లాటానోప్రాస్ట్ అయితే ఆరు వారాలకు మందు మిగిలినా పారేయాల్సిందే.

నొప్పి లేదు కదా అని మానేసేవాళ్లను చూస్తే నాకు చాలా బాధ. ఈ జబ్బులో కంట్లో ప్రెషర్ పెరిగినా చాలామందికి నొప్పి రాదు, పోయిన చూపు తిరిగి రాదు. మేడారం జాతరకు పోయినా సీసా సంచిలో ఉండాలి. వారం రోజులు మానేసి చెకప్ ముందు రోజు వేసుకుని పోతే, అక్కడ ప్రెషర్ బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు. ఎన్ని రోజులు మానారో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.