ఆస్ట్రేలియా క్యాటిల్ స్టేషన్‌లో సీజన్ పని సంపాదించడం ఎలా?

ఆస్ట్రేలియాలో పశువుల ర్యాంచ్‌ని ర్యాంచ్ అనరు, స్టేషన్ అంటారు. ర్యాంచ్ అని వెతికి, ఏమీ దొరకలేదని నాకు ఫోన్ చేసేవాళ్ళు నెలకు ఇద్దరైనా ఉంటారు. చదువుకోడానికి అక్కడికి వెళ్ళి, పీఆర్ వచ్చాక నార్తర్న్ టెరిటరీలో, క్వీన్స్‌లాండ్‌లో కలిపి ఐదు సీజన్లు చేశాను. ఆ తర్వాత మనవాళ్ళ పిల్లలకు చాలామందికి దారి చెప్పాను. అందరూ బోల్తాపడేది ఒక్కచోటే, ఫోన్ దగ్గర. అందుకే మిగతావి గబగబా చెప్పేస్తాను.

వీసా

సబ్‌క్లాస్ 462, అంటే వర్క్ అండ్ హాలిడే వీసా. 2024 సెప్టెంబరు నుంచి భారతీయులకూ ఇస్తున్నారు. ఏడాదికి 1,000 మందికే, అదీ లాటరీలో. పేరు నమోదుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు. వయసు 18 నుంచి 30 దాకా, ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళ చదువు, ఇంగ్లీషు వచ్చని రుజువు, చేతిలో 5,000 డాలర్ల దాకా ఉండాలి. లాటరీలో మీ పేరు వచ్చేలా చూస్తామనే ఏజెంటుకు టీ కూడా ఇప్పించకండి.

స్టూడెంట్ వీసా మీద వెళ్ళి సెలవుల్లో స్టేషన్ పని చేద్దామనుకునేవాళ్ళకు చిక్కు ఉంది. తరగతులు నడిచేటప్పుడు పదిహేను రోజులకు 48 గంటలే పని చేయనిస్తారు. పెద్ద సెలవులేమో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అప్పుడు ఉత్తరాన వానాకాలం, పశువుల పని దాదాపు ఆగిపోతుంది.

ఎప్పుడు

ఉత్తర ఆస్ట్రేలియాలో పశువులను పోగుచేసే మస్టరింగ్ సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు. మనుషులను జనవరి నుంచి మార్చి మధ్య మాట్లాడుకుంటారు. అది తప్పిపోతే జూన్‌లో మళ్ళీ ప్రయత్నించండి. మొదటి రౌండు అయ్యేసరికి దుమ్ముకీ, తెల్లవారుజామున నాలుగింటికి లేవడానికీ జడిసి కొందరు వెళ్ళిపోతారు. వాళ్ళ జాగాలో మీరు.

సామాను

తోలు బూట్లు, వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కాలు ఐదు, జీన్స్ నాలుగు. టెల్‌స్ట్రా సిమ్ తీసుకోండి, ఊళ్ళు దాటాక వేరేది పనిచేస్తుందని ఆశపడొద్దు. ఆవకాయ పట్టుకెళ్తే విమానాశ్రయంలో, దిగినప్పుడు నింపే కార్డు మీద రాసి చూపించండి. దాచి దొరికిపోతే జరిమానా.

క్యూ ఫీవర్ టీకా సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పశువుల నుంచి, వాటి దుమ్ము నుంచి మనుషులకు అంటుకునే జబ్బు అది. టీకాకు ముందు రక్తపరీక్ష, చర్మపరీక్ష చేస్తారు, చర్మపరీక్ష ఫలితం వారానికి చూస్తారు. ఒకప్పుడు ఆ జబ్బు సోకినవాళ్ళు టీకా వేయించుకోకూడదు. గొడ్ల మధ్య పెరిగినవాళ్ళయితే ఆ మాట డాక్టరుకు చెప్పండి. టీకా పడ్డాక ఒళ్ళు సిద్ధమవడానికి రెండు వారాలు పడుతుంది. డార్విన్‌లోనో టౌన్స్‌విల్‌లోనో, ఇంకా నగరంలో ఉన్నప్పుడే ఈ పని ముగించుకోండి.

ఫోన్

మెయిల్ పంపకండి. రెజ్యూమే అప్‌లోడ్ చేసి కూర్చోకండి. స్టేషన్ మేనేజరు రోజంతా పశువుల దొడ్డిలోనో (యార్డు) హెలికాప్టర్లోనో ఉంటాడు, మెయిల్ చూసేది వారానికోసారి. మెయిల్ పంపి పని దొరికినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళది అదృష్టం. ఫోన్ చేసినవాడి గొంతులో భయమెంతో, తొందరెంతో మేనేజరు విని పసిగడతాడు. అతనికి కావలసిందీ అదే.

రాత్రి భోజనాలయ్యాక, అక్కడి టైము ఏడుకీ ఎనిమిదికీ మధ్య చేయండి. ఇండియా నుంచి చేస్తుంటే నార్తర్న్ టెరిటరీకి మధ్యాహ్నం మూడు, క్వీన్స్‌లాండ్‌కు రెండున్నర, పశ్చిమాన కింబర్లీకి నాలుగున్నర. కానీ నా సలహా, ఆ దేశంలో దిగి, అక్కడి నంబరు నుంచి చేయండి. హైదరాబాద్ నుంచి చేస్తే వచ్చాక మాట్లాడదాం అంటారు, అంతే.

సర్ అనకండి. ఒక్కసారి కూడా. అక్కడ మేనేజరును పేరు పెట్టే పిలుస్తారు. నాలుగుసార్లు సర్ సర్ అంటే ఏదో దాస్తున్నాడేమో అనుకుంటారు. ఏ పనైనా ఫర్వాలేదు అని కూడా అనొద్దు. ఆ మాట ఏ పనీ రానివాడి నోటనుంచి వస్తుందని వాళ్ళకు అనుభవం. పేరు, ఇప్పుడున్న ఊరు, ఏ తేదీకి రాగలరు, వీసా ఎప్పటిదాకా, మాన్యువల్ గేర్ బండి నడపగలరా. ఈ ఐదూ అర నిమిషంలో చెప్పి ఆగండి.

తర్వాత అతను అడిగేది గుర్రపు స్వారీ వచ్చా అని. రాకపోతే రాదు అనండి. దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. నా మొదటి సీజన్లో వచ్చు అన్నాను. నాకు వచ్చిందేమిటంటే, ఊటీలో చెరువు పక్కన కళ్ళెం ఇంకొకడు పట్టుకుంటే పదినిమిషాలు ఎక్కి కూర్చున్న స్వారీ. మొదటిరోజు పొద్దున ఆరింటికి గుర్రమెక్కాను, ఆరుంపావుకి నేల మీదున్నాను. పక్కటెముక చిట్లి మూడు వారాలు వంటగదిలో ఉల్లిపాయలు తరిగాను. నన్ను ఎత్తుకొచ్చిన రింగర్, అంటే పశువులను తోలే పనివాడు, నా వల్ల ఆ ఒక్కరోజు పని పోగొట్టుకున్నాడు, అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తప్పు నాదే. అబద్ధం మొదటి పొద్దుటే బయటపడుతుంది. మందలో మీరు నిలబడాల్సిన చోట మీరు లేకపోతే దెబ్బ తగిలేది పక్కవాడికి.

గుర్రం రానివాళ్ళకీ అక్కడ పనుంది. స్టేషన్‌కి ప్రాణం నీళ్ళు. వందల కిలోమీటర్ల మేర బోర్లు, ట్యాంకులు, తొట్లు. వాటిని రోజూ బండిలో తిరిగి చూసే మనిషిని బోర్ రన్నర్ అంటారు. మన పల్లెల్లో సబ్‌మెర్సిబుల్ మోటారు పైకి లాగి, పైపులు విప్పి, మళ్ళీ దించడం చూస్తూ పెరగని రైతుబిడ్డ ఎవరు? ఆ పని చేసుంటే చెప్పండి. వెల్డింగ్, ట్రాక్టర్, కంచె వేయడం, ఇరవైమందికి వంట, ఏది వస్తే అది. నేను దారి చెప్పిన ప్రకాశం జిల్లా కుర్రాడు గుర్రం ముట్టుకోకుండానే బోర్ల మీద రెండు సీజన్లు చేశాడు. ఇంట్లో గేదెలున్నాయి అనేది మాత్రం అర్హతగా చెప్పకండి. పాలిచ్చే గేదె వేరు, ఏడాదికి రెండుసార్లే మనిషి మొహం చూసే మంద వేరు.

మంద మాటెలాగూ వచ్చింది. అక్కడివి ఎక్కువగా బ్రాహ్మన్ జాతి. మూపురం, వేలాడే గంగడోలు చూస్తే మనూరి సంతలో ఉన్నట్టుంటుంది. అమెరికాలో ఆ జాతిని తయారుచేసింది మన ఒంగోలు, గిర్, కృష్ణాలోయ లాంటి పశువుల రక్తంతోనే. 1933లో ఆస్ట్రేలియాకు తెచ్చారు, ఎండకూ గోమార్లకూ తట్టుకుంటాయని. ఫోన్‌లో ఈ చరిత్ర చెప్పకండి, నేను చెప్పి చూశాను. అవతల మౌనం.

ఇంకొకటి కూడా ఫోన్‌లోనే తేల్చుకోండి. యార్డులో దూడలకు వాత పెడతారు, కొమ్ములు తీస్తారు, కోడెలకు విత్తులు కొడతారు. స్టేషన్‌లోనే ఒక పశువును కోసుకుని మూడు పూటలా అదే వండుతారు. మనసు ఒప్పుకోకపోతే తప్పేం లేదు, వెళ్ళకండి. ఆ పనులు చేయగలిగి తినడం మాత్రం కుదరనివాళ్ళు ముందే చెబితే వంటమనిషి గుడ్లు, పప్పు చూస్తుంది. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే చూడదు.

మీరు అడగాల్సినవి: జీతం గంటకా వారానికా, గదికీ తిండికీ ఎంత కోస్తారు, పేస్లిప్ ఇస్తారా, దగ్గరి ఊరు ఎంత దూరం. పని ఇవ్వడానికి డబ్బు కట్టమంటే ఫోన్ పెట్టేయండి. ఏబీఎన్ (సొంత వ్యాపారానికి ఇచ్చే నంబరు) తెచ్చుకో, కాంట్రాక్టరుగా చూపిస్తాం అన్నా అంతే. మీకు కావలసింది పన్ను నంబరు, అంటే టీఎఫ్‌ఎన్. మీ వీసాకు 45,000 డాలర్ల దాకా 15 శాతం పన్ను కోస్తారు. రెండో ఏడాది వీసాకు 88 రోజుల పని లెక్క చూపించాలి కాబట్టి ప్రతి పేస్లిప్పూ దాచుకోండి.

చివరికి చాలామంది చెడగొట్టుకునేది ఇది. మేనేజరు రెండు వారాలాగి చేయమంటాడు. మనవాళ్ళు దాన్ని మర్యాదగా పొమ్మనడం అనుకుని వదిలేస్తారు. అక్కడ ఆ మాటకు అర్థం రెండు వారాలాగి చేయమనే. క్యాలెండర్‌లో రాసుకుని అదే రోజు, అదే టైముకి చేయండి. వానలు తగ్గలేదు, ఇంకో వారం అంటే ఆ వారం తర్వాత కూడా. నేను దారి చెప్పినవాళ్ళలో మూడో ఫోన్‌కు ముందే పని దొరికినవాళ్ళు ఇద్దరే.

సరే అన్నాక ఎక్కడ దిగాలో అడగండి. క్యాథరిన్, మౌంట్ ఐసా లాంటి ఊరి దాకా బస్సుంటుంది. అక్కణ్ణుంచి సరుకులకొచ్చే స్టేషన్ బండి ఎక్కించుకుంటుంది. ఆ బండి వారానికి ఒకసారే వస్తుంది, ఒకరోజు ముందే చేరుకోండి.