స్పేస్ స్ట్రాటజీ గేమ్‌లో సౌర కుటుంబాన్ని నిజానికి దగ్గరగా తీసుకురావడం ఎలా?

స్పేస్ స్ట్రాటజీ గేమ్స్‌లో సౌర కుటుంబం చాలావరకు ఒకేలా ఉంటుంది. మధ్యలో పసుపు రంగు సూర్యుడు, చుట్టూ ఇంచుమించు సమాన దూరాల్లో గీసిన వలయాలు, వాటి మీద కదలకుండా కూర్చున్న గ్రహాలు, అంగారకుడికీ గురుడికీ మధ్య రాళ్లతో కిక్కిరిసిన బెల్ట్. దీన్ని బాగుచేద్దామని మొదలుపెట్టినవాళ్లు ముందుగా వెళ్లేది టెక్స్చర్ల దగ్గరికి, అంటే గ్రహాల మీద పరిచే బొమ్మల దగ్గరికి. భూమికి ఇంకా స్పష్టమైన బొమ్మ, శనికి కొత్త వలయాలు పెడతారు, చూడ్డానికి బాగుంటుంది, ఆట మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నా ఉద్దేశంలో స్ట్రాటజీ గేమ్‌లో రియలిజం అంటే ప్లేయర్ తీసుకునే నిర్ణయం మారాలి, అంగారకుడికి ఇప్పుడే నౌకలు పంపాలా, ఇంకో ఏడాది ఆగాలా అని తల పట్టుకోవాలి. అందుకే కాలం, దూరం, ఇంధనం ముందు చూద్దాం, రంగుల సంగతి చివర్లో.

సొంతంగా గేమ్ రాస్తున్నవాళ్లకైనా, ఉన్న గేమ్‌కి మోడ్ (ఫైళ్లు మార్చి గేమ్‌ని సవరించడం) చేస్తున్నవాళ్లకైనా ఇదే పద్ధతి. మోడ్ అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి: ఆ గేమ్ ఇంజిన్ గ్రహాలను కదలనిస్తుందా, లేదా? కదలనివ్వకపోతే దూరాలు, సైజులు, వనరులు, రంగులు మార్చుకోవచ్చు, ప్రయాణ ఖర్చుల్ని ఒక టేబుల్‌గా పెట్టుకోవచ్చు. అది కూడా తక్కువ మార్పేం కాదు. ఏ ఫైల్ ముట్టుకున్నా ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

1. ఒక టర్న్ అంటే ఎన్ని రోజులో ముందే తేల్చండి

టర్న్ అంటే ఆటలో ఒక వంతు, మిగతా లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి. టర్న్ అంటే నెల అనుకుంటే, 88 రోజుల్లో సూర్యుణ్ని చుట్టేసే బుధుడు ఒక్క టర్న్‌లో 120 డిగ్రీలకు పైగా గెంతుతాడు, మూడు టర్న్‌లకు మళ్లీ మొదటికే వస్తాడు. అది కదలికలా కనిపించదు, గ్రహం మాయమై ఇంకోచోట తేలినట్టుంటుంది. పది రోజుల టర్న్ నాకు బాగా నచ్చుతుంది. బుధుడు టర్న్‌కి 41 డిగ్రీలు, అంగారకుడు 5 డిగ్రీలకు కాస్త ఎక్కువ, గురుడు ఒక డిగ్రీ కూడా కదలడు. లోపలి గ్రహాల్లో హడావిడి, బయటి గ్రహాల్లో నిదానం ప్లేయర్‌కి కంటికే తెలిసిపోతుంది. రియల్ టైమ్ గేమ్ అయితే ఈ గొడవ తక్కువే, వేగం పెంచే బటన్ ఒకటుంటే చాలు.

2. అసలు దూరాలు ఒకచోట, మ్యాప్ దూరాలు వేరేచోట

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం దాదాపు 14.96 కోట్ల కిలోమీటర్లు, దాన్నే ఒక ఆస్ట్రనామికల్ యూనిట్ అంటాం. ఆ లెక్కన బుధుడు 0.39, శుక్రుడు 0.72, అంగారకుడు 1.52, గ్రహశకలాల బెల్ట్‌లోని సెరెస్ 2.77, గురుడు 5.2, శని 9.58, యురేనస్ 19.2, నెప్ట్యూన్ 30 యూనిట్ల దూరంలో ఉంటాయి. వీటిని ఉన్నదున్నట్టు స్క్రీన్ మీద పెడితే బుధుడి నుంచి అంగారకుడి దాకా నాలుగు గ్రహాలూ మధ్యలో చిన్న చుక్కలో ఇరుక్కుపోతాయి, మిగతాదంతా ఖాళీ.

దీనికి సులువైన మార్గం వర్గమూలం. ప్రతి దూరానికీ వర్గమూలం తీసి 100తో గుణించండి. బుధుడు 62, శుక్రుడు 85, భూమి 100, అంగారకుడు 123, సెరెస్ 166, గురుడు 228, శని 310, యురేనస్ 438, నెప్ట్యూన్ 548 దగ్గరికి వస్తాయి. ఎవరు దగ్గర, ఎవరు దూరం అనేది చెడిపోదు, బయటికి వెళ్లేకొద్దీ గ్రహాల మధ్య ఎడం చాలావరకు పెరుగుతున్నట్టూ కనిపిస్తుంది, అన్నీ ఒకే మ్యాప్‌లో పడతాయి.

అయితే ఈ అంకెలు బొమ్మ గీయడానికి మాత్రమే. కెప్లర్ మూడో నియమం ప్రకారం దూరాన్ని ఘనం చేసి దాని వర్గమూలం తీస్తే ఏళ్లలో పరిభ్రమణ కాలం వస్తుంది. నెప్ట్యూన్‌కి అసలు దూరంతో చేస్తే సుమారు 165 ఏళ్లు వస్తుంది. పొరపాటున కుదించిన మ్యాప్ దూరం 5.48తో చేస్తే 13 ఏళ్లకే చుట్టు పూర్తిచేసేస్తుంది, ఇక నెప్ట్యూన్ గురుడితో పోటీపడి తిరుగుతుంటుంది. కాబట్టి ప్రతి గ్రహానికీ రెండు విలువలు దాచండి. ప్రయాణ కాలం, ఇంధనం, సూర్యకాంతి, సిగ్నల్ ఆలస్యం అన్నీ అసలు దూరం నుంచే లెక్కకట్టాలి.

ఉపగ్రహాలకు వేరే స్కేల్ పెట్టాల్సిందే. కలిస్టో గురుడికి దాదాపు 19 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, సౌర కుటుంబం మ్యాప్ మీద అది గురుడిలోనే కలిసిపోతుంది. గ్రహం మీద క్లిక్ చేస్తే దాని ఉపగ్రహాల మ్యాప్ విడిగా తెరుచుకునేలా చేయండి. సైజులకు కూడా వర్గమూలమే వాడొచ్చు. భూమి వ్యాసం 1 అనుకుంటే గురుడు 11కి బదులు 3.3, సూర్యుడు 109కి బదులు 10.4 అవుతాయి. గురుడి ఉపగ్రహం గనిమీడ్ వ్యాసంలో బుధుడి కంటే పెద్దదే కానీ బరువులో సగం కూడా ఉండదు, కాబట్టి సైజు చూసి గురుత్వాకర్షణ లెక్కకట్టొద్దు, ద్రవ్యరాశి విడిగా రాసుకోండి.

3. గ్రహాలను ఫలానా తేదీన ఉన్నచోట పెట్టండి

గేమ్ మొదలయ్యే తేదీ ఒకటి ఎంచుకుని, ఆ రోజు ఏ గ్రహం ఎక్కడుందో నాసా వారి జేపీఎల్ హొరైజన్స్ సర్వీసులో చూసుకోండి, అది ఉచితమే. ఆ కోణం నుంచి మొదలుపెట్టి, గడిచిన రోజుల్ని రోజుల్లోనే లెక్కించిన పరిభ్రమణ కాలంతో భాగించి 360తో గుణించి కలుపుకుంటూ పోతే చాలు.

వృత్తాకార కక్ష్యలు సరిపోతాయా అంటే శుక్రుడికి, భూమికి, నెప్ట్యూన్‌కి సరిపోతాయి. అంగారకుడికి సరిపోవు. దాని కక్ష్య కాస్త సాగి ఉంటుంది, వృత్తం అనుకుని లెక్కేస్తే ఒక్కోసారి పది డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. బుధుడికైతే ఆ తేడా ఇరవై డిగ్రీలు దాటుతుంది, ప్లూటోకి ఇంకా ఎక్కువ. అందుకని దీర్ఘవృత్తాలే వాడండి, గ్రహం కక్ష్యలో ఏ రోజు ఎక్కడుంటుందో చెప్పే కెప్లర్ సమీకరణాన్ని న్యూటన్ పద్ధతిలో నాలుగైదు సార్లు తిప్పితే జవాబు వచ్చేస్తుంది, కంప్యూటర్‌కి అదేం భారం కాదు.

ఇంత కష్టం ఎందుకంటే, దీనివల్ల ఆటలో నిజంగానే తేడా వస్తుంది. అంగారకుడు సూర్యుడికి 20.7 కోట్ల కిలోమీటర్ల దాకా దగ్గరికొచ్చి, 24.9 కోట్ల దాకా దూరం వెళ్తాడు. 2003 ఆగస్టులో భూమికి 5.6 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చాడు, మరికొన్ని కలయికల్లో (భూమి, అంగారకుడు సూర్యుడికి ఒకే పక్కకు వచ్చినప్పుడు) మాత్రం 10 కోట్ల దగ్గరే ఆగిపోతాడు. మంచి కలయికలు 15 నుంచి 17 ఏళ్లకోసారి వస్తాయి. అంగారకుడి మీద కాలనీ ఉన్న శత్రువుతో యుద్ధం చేయాలంటే ఏ ఏడాది మొదలుపెట్టాలి అనేది అప్పుడు నిజమైన ప్రశ్న అవుతుంది.

4. ప్రయాణానికి సమయం, ఇంధనం రెండూ పెట్టండి

తక్కువ ఇంధనంతో భూమి నుంచి అంగారకుడికి వెళ్లే దారి సుమారు 259 రోజులు, అంటే పది రోజుల టర్న్‌లో 26 టర్న్‌లు. బయల్దేరేటప్పుడు అంగారకుడు భూమికంటే దాదాపు 44 డిగ్రీలు ముందుండాలి. ఆ అమరిక సుమారు 780 రోజులకోసారి, అంటే ఇరవై ఆరు నెలలకోసారి కుదురుతుంది. గేమ్‌లో దీన్ని తేలిగ్గా పెట్టొచ్చు: కోణం సరిగ్గా ఉంటే మామూలు ఖర్చు, తేడా పెరిగేకొద్దీ ఇంధనం ఖర్చు పెరుగుతూ పోవాలి, ఒక హద్దు దాటాక ఆ ఇంజిన్‌తో ప్రయాణమే కుదరదని చూపించాలి. తర్వాతి అవకాశం ఎన్ని టర్న్‌ల తర్వాతో మ్యాప్ మీదే కనబడాలి, లేకపోతే ప్లేయర్ విసిగిపోతాడు.

ఇదే పద్ధతిలో గురుడికి రెండేళ్ల తొమ్మిది నెలలు, నెప్ట్యూన్‌కి ముప్ఫై ఏళ్లు పడుతుంది. 1977లో బయల్దేరిన నాసా నౌక వాయేజర్ 2 నెప్ట్యూన్‌ను 1989లోనే చేరిందంటే దారిలో గురుడు, శని, యురేనస్‌ల ఆకర్షణను వాడుకోబట్టే. కాబట్టి బయటి గ్రహాలను ఆట మొదట్లోనే అందుబాటులో పెట్టకండి. మంచి ఇంజిన్ కనిపెట్టాకే దారి తెరుచుకోవాలి.

ఇంధనం సంగతికొస్తే దూరం కంటే గురుత్వాకర్షణ ముఖ్యం. భూమి ఉపరితలం నుంచి దిగువ కక్ష్యకు చేరాలంటే నష్టాలతో కలిపి సెకనుకు 9.4 కిలోమీటర్ల దాకా వేగం కావాలి. అదే కక్ష్య నుంచి అంగారకుడి దారి పట్టడానికి 3.6 చాలు. చంద్రుడి మీంచి పలాయన వేగమే (దాని ఆకర్షణ నుంచి పూర్తిగా తప్పించుకునే వేగం) 2.4, సెరెస్ మీంచి అయితే అర కిలోమీటరు. భూమి మీద తయారుచేసిన ఇంధనం కంటే చంద్రుడి ధ్రువాల దగ్గరి మంచుతో తయారుచేసింది ఎందుకు విలువైనదో ఈ అంకెలే చెబుతాయి. ఒక్క రూల్ పెడితే చాలు, భూమి నుంచి పైకి తీసుకెళ్లే ప్రతి టన్నుకీ పెద్ద ఖర్చు. ప్లేయర్లు వాళ్లంతట వాళ్లే చంద్రుడి మీద బేస్ కడతారు.

5. ప్రతి గ్రహానికీ దాని గుణం ఇవ్వండి

నివాసయోగ్యత 20 శాతం, 40 శాతం అని అంకెలు అంటించేస్తే అన్నీ ఒకేలా అయిపోతాయి. శుక్రుడి నేల మీద 460 డిగ్రీలకు పైగా వేడి, భూమితో పోలిస్తే 90 రెట్లకు మించిన పీడనం. కానీ యాభై కిలోమీటర్లకు కాస్త పైన మేఘాల్లో పీడనం భూమికి దగ్గరగా ఉంటుంది, తేలే కాలనీకి అక్కడే అవకాశం. శని ఉపగ్రహం టైటాన్ మీద గాలి పీడనం మనకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, మీథేన్ సరస్సులున్నాయి, చలి మాత్రం మైనస్ 179 డిగ్రీలు.

గురుడి ఉపగ్రహాల్లో నాకు చాలా ఇష్టమైనది కలిస్టో. అయో, యూరోపా గురుడి రేడియేషన్‌లో మునిగి ఉంటాయి, గనిమీడ్ మీద బాగా తక్కువ, కలిస్టో మీద ఇంకా చాలా తక్కువ. మనుషుల బేస్ కలిస్టోలో, రోబోల గనులు అయోలో, మంచు కింది సముద్రం కోసం పరిశోధన యూరోపాలో అని ఆట దానంతటదే పంచుకుంటుంది.

సోలార్ పవర్ అసలు దూరం వర్గానికి విలోమంగా తగ్గాలి. అంగారకుడి దగ్గర భూమి దగ్గర వచ్చేదాంట్లో 43 శాతం, గురుడి దగ్గర 4 శాతం లోపు, శని దగ్గర ఒక శాతం. అక్కడ రియాక్టర్ తప్పదు.

సిగ్నల్ ఆలస్యం పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం. పది రోజుల టర్న్‌లో నెప్ట్యూన్ దాకా నాలుగు గంటల ఆలస్యం లెక్కలోకే రాదు. రియల్ టైమ్ యుద్ధాలుంటే మాత్రం పెట్టండి.

6. గ్రహశకలాల బెల్ట్‌ని ఖాళీ చేయండి

రాళ్ల మధ్య మెలికలు తిరుగుతూ వెళ్లే నౌకలు చూడ్డానికి బాగుంటాయి కానీ అక్కడ అంత రద్దీ లేదు. బెల్ట్ మొత్తం బరువు మన చంద్రుడి బరువులో సుమారు 3 శాతం, అందులోనూ మూడో వంతుకు పైగా సెరెస్‌దే. నాసా నౌక పయొనీర్ 10 మొదటిసారి ఆ దారిన వెళ్లినప్పుడు ఏ రాయీ దాన్ని కూల్చలేదు. రాళ్ల గుంపు బొమ్మ తీసేసి సెరెస్, వెస్టా, పల్లాస్, హైజియా, సైకీ లాంటివాటిని విడివిడి స్థలాలుగా పెట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, బెల్ట్ అనేది ఒక ఊరు కాదు. సెరెస్ 4.6 ఏళ్లకు, వెస్టా 3.6 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతాయి, కాబట్టి ఒకసారి దగ్గరికొచ్చాక మళ్లీ అలా రావడానికి దాదాపు 17 ఏళ్లు పడుతుంది. నాసా వారి డాన్ నౌక 2012లో వెస్టాను వదిలి సెరెస్‌ను చేరింది 2015లో. బెల్ట్ వాసులంతా ఒకే దేశం అని గేమ్స్‌లో పెడుతుంటారు, ఈ లెక్క చూస్తే ఒకరికొకరు అంగారకుడికంటే దూరంగా ఉండే కాలమే ఎక్కువ.

7. ఇప్పుడు రంగులు

సూర్యుడు అంతరిక్షంలోంచి తెల్లగా ఉంటాడు. శుక్రుడి మేఘాలు లేత పసుపు కలిసిన తెలుపు. ఆ ఎర్రటి నారింజ రంగు బొమ్మ రాడార్ మ్యాప్‌కి వేసిన రంగు. నెప్ట్యూన్ ముదురు నీలం కాదు, వాయేజర్ ఫోటోల కాంట్రాస్ట్ పెంచడం వల్ల అలా కనిపించింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సరిచేసి చూపించినదాని ప్రకారం అది దాదాపు యురేనస్ లాగే లేత ఆకుపచ్చ నీలం, కాస్త నీలం ఎక్కువ. యురేనస్ అక్షం 98 డిగ్రీలు వాలి ఉంటుంది, దాన్ని నిలబెట్టి చూపించకండి. శని వలయాలు పక్కనుంచి చూస్తే సన్నని గీతలా కనిపించి మాయమైపోవాలి, అంత పలచనివి.

8. చివరగా తేదీలతో పరీక్షించండి

గేమ్ తేదీని 2012 జూన్ 6కి తిప్పండి, సూర్యుడు, శుక్రుడు, భూమి ఒకే గీత మీదికి రావాలి, ఆ రోజు శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లాడు. తర్వాత 2020 డిసెంబర్ 21కి మార్చి భూమి నుంచి చూడండి, గురుడు, శని దాదాపు ఒకే చుక్కలా కలవాలి. ఈ రెండోది అసలు దూరాలున్న లెక్కల్లోనే చూడాలి, కుదించిన మ్యాప్‌లో కోణాలు వంకర పోతాయి కాబట్టి అక్కడ కలవవు.

రెండూ కుదిరితే ఏఐ ప్రత్యర్థిని ఆడించి చూడండి. కదలని గ్రహాలకు అలవాటుపడ్డ ఏఐ, అంగారకుడు ఇప్పుడున్న చోటికి నౌకల్ని పంపేస్తుంది, అవి చేరేసరికి అక్కడ ఏమీ ఉండదు. చేరే రోజుకి గ్రహం ఎక్కడుంటుందో లెక్కేసి, ఆ చోటు గురిపెట్టేలా దాని దారి వెతికే కోడ్ మార్చాలి. సరఫరా నౌకలకు కూడా అదే కోడ్ వాడండి, లేదంటే దూరపు కాలనీలు ఆకలితో ఖాళీ అవుతాయి.