సీసాలో చీటీ చెరిగిపోకుండా

శ్రీకాకుళం తీరంలో భావనపాడు నుంచి బారువ వైపు పడవలో వెళ్లి పీతలు, నత్తలు శాంపిళ్లుగా ఆల్కహాల్ సీసాల్లో పోగేసి తెస్తే, ఇంటికొచ్చేసరికి సీసాల మీద రాసిన వివరాలు మాయం. పర్మనెంట్ మార్కర్ అని నమ్మి రాసింది కూడా ఆల్కహాల్ ఒలకగానే నీలం మరకైపోయింది. ఏ పీత ఎక్కడ దొరికిందో తెలియకపోతే ఆ శాంపిల్ దేనికీ పనికిరాదు, కూరకు కూడా!

ఇప్పుడు మందపాటి డ్రాయింగ్ షీట్‌ను 2 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. పొడవు ముక్కలుగా ముందే కోసుకుంటున్నాను. మామూలు హెచ్‌బీ పెన్సిల్‌తో కాస్త నొక్కి తేదీ, చోటు, లోతు, ఏ వలలో పడిందీ రాసి, 70 శాతం ఆల్కహాల్ ఉన్న సీసా లోపలే వేసేస్తున్నాను. పెన్సిల్ రాత ఆల్కహాల్‌లో కరగదు. రాసిన వైపు గాజుకు ఆనిస్తే మూత తీయకుండానే చదవొచ్చు. వల దులపగానే పడవలోనే రాసేయండి. ఒడ్డుకొచ్చాక రాద్దామనుకుంటే కళింగపట్నం పీత బారువ ఖాతాలో పడుతుంది.

నోట్‌బుక్ కాగితం మాత్రం వద్దు, నాని పిప్పి అవుతుంది. నున్నటి శుభలేఖ అట్ట మీద పెన్సిల్ పట్టదు. గరుకు గవ్వలున్న సీసాలో పడవ కుదుపులకు చీటీ ఒరుసుకుని రాత చెరుగుతుంది, అందులో రెండు చీటీలు వేయండి.