తొలకరికి మారేడుమిల్లి పిట్టల ఫొటోలకి వెళ్తున్నారా, బ్యాగు సర్దే ముందు ఇవి చూసుకోండి

జూన్‌లో నాలుగు చినుకులు పడగానే రాజమండ్రి, కాకినాడ, వైజాగ్ కెమెరా బ్యాచులన్నీ మారేడుమిల్లి దారి పడతాయి. పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా) తెల్లారగట్ల ఈల వేసేది ఇప్పుడే, అడవి మళ్లీ పచ్చబడేది ఇప్పుడే, అదృష్టం ఉంటే ట్రోగన్ అనే రంగుల పిట్ట, పెద్ద ముక్కు మలబార్ పైడ్ హార్న్‌బిల్ కూడా కనిపిస్తాయి. అయితే పాములు, దోమలు, పిడుగులు, వాగులు కూడా సరిగ్గా ఇదే టైముకి డ్యూటీ ఎక్కుతాయండి. మామూలు టూరిస్టు అయితే రోడ్డు పక్కన సెల్ఫీ దిగి బొంగులో చికెన్ తిని వెళ్లిపోతాడు, మనం అలా కాదు కదా, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి పావుగంట కదలకుండా కూర్చుంటాం, ఆ పావుగంటా కాళ్ల కింద ఏముందో వీపు వెనక ఏం కదులుతోందో మనకి తెలీదు. నేను చెప్పే వాటిలో సగం ఈ ఒక్క దాని కోసమే.

అందుకే ఒక్కరే వెళ్లొద్దు. ఇద్దరుంటే ఒకరు షూట్ చేస్తుంటే ఇంకొకరు చుట్టూ చూడాలి, ఇద్దరూ ఒకే కొమ్మ మీద లెన్సు పెట్టి క్లిక్ క్లిక్ మంటూ కూర్చుంటే ఒక్కరే వెళ్లినట్టే లెక్క. అక్కడి ఊళ్ల కుర్రాళ్లు ఎవరైనా తోడు వస్తామంటే రమ్మనండి, రోజు కూలీ ముందే మాట్లాడుకుని చేతిలో పెట్టండి, మీరు ఆకులు చూస్తున్న చోట వాళ్లకి పాము కనిపిస్తుంది. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు కాబట్టి నోట్లు తీసుకెళ్లండి, ఆధార్ కార్డు కూడా. రోడ్డు దిగి అడవి లోపలికి వెళ్లాలంటే ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ కావాలి, పక్కనే పాపికొండల నేషనల్ పార్కు, డ్రోన్ సంగతి అసలు ఎత్తకండి.

ఇక బట్టలు. ఆన్‌లైన్లో దొరికే ఆ మిలటరీ మచ్చల డ్రెస్సు ఇంట్లోనే ఉంచండి. ఇది ఒడిశా, ఛత్తీస్‌గఢ్ బోర్డర్లకి దగ్గరి ఏజెన్సీ, ఏళ్ల తరబడి మావోయిస్టుల కోసం పోలీసు కూంబింగులు చూసిన ప్రాంతం, ఆ డ్రెస్సేసుకుని భుజాన పొడుగాటి లెన్సుతో పొద చాటు నుంచి లేచారనుకోండి, అవతలివాళ్లకి ఏమనిపిస్తుందో మీరే ఆలోచించండి. మట్టి రంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మందపాటి ప్యాంటు చాలు, ఎలాగూ పిట్ట మన బట్టల రంగు కన్నా మన కదలిక చూసే ఎగిరిపోతుంది. ప్యాంటు అంచు సాక్సుల్లోకి దోపేయండి, ఫొటోలో అందంగా ఉండదు, పర్లేదు.

సాక్సుల్లోకి ఎందుకంటే, గడ్డిలో కంటికి సరిగ్గా ఆనని పురుగులుంటాయి, అవి కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావొచ్చు. నేల మీద తిరిగే పిట్టని దాని కంటి లెవెల్లో తీయాలని బోర్లా పడుకోవడం మనకి అలవాటు కదా, పొన్నంగి పిట్ట తిరిగేది కూడా ఆకులు కుళ్లిన నేల మీదే. పడుకోవాలనుకుంటే కింద మందపాటి పట్టా వేసుకోండి, రూముకి రాగానే బట్టలు వేరే కవర్లో పెట్టి స్నానం చేసి ఒళ్లంతా చూసుకోండి, చంకలు, గజ్జలు, నడుం బెల్టు దగ్గర ముఖ్యంగా. దోమల మందు పూసుకోవడం మానొద్దు కానీ డీట్ అనే రసాయనం ఉన్న మందు అయితే ఒక మెలిక ఉంది, అది ప్లాస్టిక్‌నీ రబ్బర్‌నీ తినేస్తుంది, ఆ చేత్తోనే లెన్సు పట్టుకుంటే గ్రిప్పు జిగురు జిగురుగా అయిపోతుంది. పూసుకున్నాక అరచేతులు తుడుచుకుని అప్పుడు కెమెరా ముట్టుకోండి.

పాముల విషయంలో అందరూ నేల చూసి నడుస్తారు, మంచిదే, కానీ వెదురు పొదల్లో ఆకుపచ్చ పిట్ వైపర్ మోకాలెత్తు నుంచి ఛాతీ ఎత్తు దాకా కొమ్మ మీద చుట్టుకుని పడుకుంటుంది, మనం మోచెయ్యి ఆనించేది, అడ్డొచ్చిన కొమ్మ పక్కకి లాగేది కూడా సరిగ్గా అదే ఎత్తులో. మన దగ్గర దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికి చేసింది, పిట్ వైపర్‌కీ రాచనాగుకీ కాదు, కాబట్టి ఇంజెక్షన్ ఉందిలే అన్న ధైర్యం ఒక్కటే ఇక్కడ చాలదు. కాటు పడితే కోయడం, నోటితో లాగడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయొద్దు, ఉంగరం, వాచీ తీసేసి, ఆ చెయ్యో కాలో కదలకుండా ఉంచి ఆసుపత్రికి మోసుకెళ్లడమే. రంపచోడవరం ఏరియా ఆసుపత్రి ఎంత దూరమో వెళ్లేటప్పుడే చూసుకోండి, దారిలో సిగ్నల్ ఎక్కడ దాకా ఉందో కూడా గుర్తు పెట్టుకోండి, 108కి ఫోన్ చేయాలన్నా అక్కడికే రావాలి.

ఎలుగుబంటి కూడా మన టైమింగ్సే పాటిస్తుంది, తెల్లారగట్ల, పొద్దు గూకేటప్పుడు. పిట్ట బెదురుతుందని మనం పిల్లిలా నడుస్తాం, మలుపులో హఠాత్తుగా ఎదురుపడేది అందుకే. నడిచేంతసేపు మామూలుగా మాట్లాడుకోండి, కూర్చున్నాక మౌనం పాటించండి. ఇంకోటి, పెద్ద చెట్ల మీద, రాతి అంచుల కింద కొండ తేనెపట్లు ఉంటాయి, వాటి కింద సెంటు కొట్టుకుని కూర్చోవడం, సిగరెట్ ముట్టించడం వద్దు. తేనెటీగలు లేచాయంటే ట్రైపాడ్ అక్కడే వదిలేసి మొహం కప్పుకుని పరిగెత్తండి, లెన్సు ఎంత ఖరీదైనా సరే.

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి ఉరుము వినపడిందంటే ఇంకో అయిదు నిమిషాలు అనకండి. చెట్టు కింద నిలబడొద్దు, ఎత్తు మీద ఉంటే దిగిపోండి, ట్రైపాడ్ భుజాన పెట్టుకుని తిరగొద్దు, కారు దగ్గరుంటే అందులో కూర్చుని అద్దాలు ఎక్కించుకోవడం మంచిది. దామిని యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది కానీ నెట్ ఉంటేనే, కాబట్టి చెవులే దిక్కు. వాగులు ఇంకా మోసం, పైన కొండ మీద వాన పడితే ఇక్కడ ఎండగా ఉండగానే నీళ్లు వచ్చేస్తాయి. నీళ్లు ఎర్రబడినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా ఒడ్డెక్కేయండి. పొద్దున చీలమండ లోతులో దాటిన వాగే సాయంత్రం నడుం లోతు అవ్వొచ్చు, అప్పుడు తగ్గేదాకా ఆగడమే, బైకు తోసుకుంటూ దాటే హీరోయిజం వద్దు.

కెమెరాకి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు, చెత్త కవరు, జిప్ కవర్లు, సిలికా జెల్, రెండు పొడి తువ్వాళ్లు. ఏసీ రూములో రాత్రంతా పెట్టి పొద్దున్నే బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, మీరు తుడుచుకుంటుండగానే పిట్ట వెళ్లిపోతుంది, అందుకని బ్యాగులోనే మూసి ఉంచి బయట ఓ అరగంట ఆగాకే తీయండి. అడవి లోపల వెలుతురు చాలా తక్కువ, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే సెట్టింగు) 3200, 6400కి పెంచడానికి భయపడకండి, ఫొటోలో గింజలు గింజలుగా చుక్కలు పడ్డా పర్లేదు, ఊగిపోయిన ఫొటోని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. వానలో లెన్సు మార్చొద్దు. ఇంటికొచ్చాక తడి బ్యాగులోనే వదిలేస్తే రెండు నెలల్లో ఫంగస్ పట్టి ఉంటుంది.

పిట్టల జాగ్రత్త కూడా ఉందండోయ్. ఇది వాటికి గుడ్లు పెట్టే కాలం. ఫోన్లో కూత ప్లే చేస్తే మగపిట్ట ఎవరో తన జాగాలోకి వచ్చారని మేత మానేసి మన చుట్టూ తిరుగుతుంది, మనకి ఫొటో వస్తుంది, దానికి ఆ పూట పోతుంది. హార్న్‌బిల్ సంగతి మరీను, ఆడది చెట్టు తొర్రలోకి వెళ్లి చిన్న సందు తప్ప మొత్తం మూసేసుకుంటుంది, మగది తెచ్చి పెడితేనే తిండి, కింద మనం పదిమంది గుమిగూడితే అది రాదు, లోపల తల్లీ పిల్లలూ పస్తు. గూడు కనిపిస్తే దూరం నుంచి చూసి కదిలిపోండి, ఆకులు కత్తిరించి దారి చేసుకోవద్దు, ఆన్‌లైన్లో లొకేషన్ పెట్టొద్దు. చాలా ఫొటో పోటీల్లో గూటి ఫొటోలని ఎంట్రీలుగా ఒప్పుకోవడం కూడా మానేశారు.

తిరిగొచ్చాక మూడు వారాల లోపు జ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని వైరల్ అనుకుని కూర్చోకండి. డాక్టర్ దగ్గరికెళ్లి మొదటి మాటే ఏజెన్సీ అడవిలో తిరిగొచ్చానని చెప్పి మలేరియా టెస్టు అడగండి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి చెక్కు కట్టిన పుండు ఉంటే చూపించండి, స్క్రబ్ టైఫస్‌కి అదే పెద్ద గుర్తు, త్వరగా పట్టుకుంటే మామూలు మాత్రలతో తగ్గిపోతుంది. వైవాక్స్ రకం మలేరియా అయితే నెలల తర్వాత కూడా బయటపడొచ్చు, కాబట్టి సంక్రాంతికి చలిజ్వరం వచ్చినా జూన్‌లో మారేడుమిల్లి వెళ్లానని చెప్పడం మర్చిపోకండి.