పాన్ డబ్బాలో వేయి స్తంభాలు: కాలంలో తిరిగే ఓడ లోపలి బొమ్మ ఎలా గీయాలి?

టార్డిస్ అంటే 'డాక్టర్ హూ' సీరియల్లో బయట చిన్న డబ్బాలా, లోపల పెద్ద హాలులా ఉండే ఓడ. నేను మొదటిసారి గీసిన దాని లోపలి బొమ్మ చూసి మా మేనల్లుడు అడిగింది ఒక్కటే. "మామా, ఇది ఫంక్షన్ హాలా? స్టేజీ ఏది?"

రెండు ఆదివారాలు కూర్చుని గీసిన బొమ్మ అది. పెద్ద పెద్ద స్తంభాలు, ఎత్తయిన పైకప్పు, మధ్యలో మెరిసే యంత్రం, అన్నీ ఉన్నాయి. కానీ వాడన్నది నిజమే. బొమ్మలో పెద్ద గది ఉంది గానీ, చిన్న డబ్బాలో పెద్ద గది లేదు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంకో మూడు కాగితాలు ఖర్చయ్యాయి. మీకు ఆ ఖర్చు తప్పిద్దామనే ఇది రాస్తున్నాను.

'ఆదిత్య 369' చూసి పెరిగిన మనకు టైమ్ మెషిన్ కొత్త కాదు. టార్డిస్ సంగతి కాస్త వేరు. 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైన 'డాక్టర్ హూ' సీరియల్లో కాలంలోనూ అంతరిక్షంలోనూ తిరిగే ఓడ అది. బయటినుంచి చూస్తే అప్పట్లో లండన్ వీధుల్లో ఉండే నీలం రంగు పోలీసు ఫోన్ డబ్బా. తలుపు తీసి అడుగు పెడితే లోపల పెద్ద హాలు, మధ్యలో ఆరు పలకల కంట్రోల్ బల్ల, దాని నడుమ పైకీ కిందికీ ఆడే గాజు స్తంభం. కథానాయకుడైన డాక్టరు పాత్రలో నటుడు మారినప్పుడల్లా కాకపోయినా, చాలాసార్లు లోపలి సెట్ మార్చేశారు. ఒకప్పుడు తెల్లగా ఆస్పత్రిలా ఉండేది, 1976లో చెక్క పలకలతో పాతకాలపు లైబ్రరీలా మారింది, 2005లో పగడపు దిబ్బలా కనిపించింది. అంటే "ఇదే అసలు లోపల" అని ఏదీ లేదు. అభిమానులకు అంతకన్నా ఏం కావాలి?

ముందు బయటి వేషం తేల్చుకోండి

కథ ప్రకారం టార్డిస్ ఎక్కడ దిగితే అక్కడి వస్తువులా వేషం మార్చుకోవాలి. ఆ వేషం మార్చే యంత్రం పాడైపోయి పోలీసు డబ్బా రూపంలోనే ఇరుక్కుపోయింది. మీ బొమ్మలో అది బాగైందనుకోండి. ఓడ ఒక పొద్దున హనుమకొండ చౌరస్తాలో దిగింది. ఏ వేషం వేస్తుంది?

అందరికీ మొదట తట్టేది పసుపు రంగు ఎస్టీడీ బూత్. వద్దు. అది పోలీసు డబ్బాకు తమ్ముడిలా ఉంటుంది, పైగా ఇప్పుడు ఎక్కడైనా కనిపిస్తే జనం ఆగి సెల్ఫీ తీసుకుంటారు. వేషం అంటే ఎవరూ రెండోసారి చూడనిది కావాలి. నేను పాన్ డబ్బా ఎంచుకున్నాను. నాలుగు రేకులు, ముందు ఒక చెక్క పలక, వేలాడే గుట్కా దండలు, వెనక వైపు వంగి దూరే చిన్న తలుపు. ఆ వంగి దూరే తలుపే మన బొమ్మకు ప్రాణం. మీరు జనరేటర్ గది అనుకున్నా, ఇస్త్రీ బండి అనుకున్నా ఫర్వాలేదు, తలుపు మాత్రం చిన్నది ఉండాలి.

సామాను

ఏ3 డ్రాయింగ్ షీట్, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, పొడవాటి స్కేలు, రబ్బరు, 0.1, 0.3, 0.8 నల్ల పెన్నులు. షీట్ కదలకుండా అట్టకు అతికించడానికి టేపు. ఫోన్లో గీసేవాళ్లు ఐబిస్ పెయింట్, కంప్యూటర్లో అయితే ఉచితంగా దొరికే క్రిటా వాడుకోవచ్చు. కొలతలు అవే.

కంటి గీత, తలుపు: ఇక్కడ తొందరపడకండి

షీట్ అడ్డంగా పెట్టండి. కింది అంచు నుంచి 145 మిల్లీమీటర్ల ఎత్తులో ఈ చివర నుంచి ఆ చివరి దాకా సన్నని అడ్డగీత గీయండి. ఇది మీ కంటి గీత. మీరు ఓడ లోపల ఏదో మెట్ల మీద, మీ కన్ను నేలకు పదడుగుల ఎత్తులో ఉండేలా నిలబడి, దూరంగా ఉన్న తలుపు వైపు చూస్తున్నారనుకోండి. పదడుగులే ఎందుకంటే, మామూలుగా నేల మీద నిలబడి చూస్తే కంట్రోల్ బల్ల పైభాగం దోసె పెనాన్ని అంచు నుంచి చూసినట్టు గీతలా కనిపిస్తుంది. నా మొదటి బొమ్మలో ఆ తప్పు కూడా ఉంది.

ఇప్పుడు అసలు కిటుకు. గదిలో ఎక్కడైనా సరే, నేల నుంచి కంటి గీత దాకా ఉన్న దూరం పదడుగులు. అంటే అయిదడుగుల వస్తువు ఆ దూరంలో సగం ఉంటుంది. ఇరవై అడుగుల స్తంభం దానికి రెట్టింపు, అంటే కంటి గీతకు కింద ఎంతో పైన అంత. దగ్గరి స్తంభానికీ ఇదే లెక్క, దూరపు స్తంభానికీ ఇదే. ఇంకో సూత్రం అక్కర్లేదు.

దూరపు గోడకు నేల గీత, కంటి గీతకు 40 మిల్లీమీటర్ల కింద పెట్టండి. పాన్ డబ్బా తలుపు అయిదడుగులు కాబట్టి కాగితం మీద దాని ఎత్తు 20 మిల్లీమీటర్లు, వెడల్పు పది. అంతే. గోరంత తలుపు. చేయి ఊరుకోదు, ఇంకాస్త పెద్దగా గీద్దాం అంటుంది. వినకండి. అదే గోడకు ఆనుకున్న ఇరవై అడుగుల స్తంభం 80 మిల్లీమీటర్లు వస్తుంది. మీ ముందున్న స్తంభం అడుగుభాగం కంటి గీతకు 130 మిల్లీమీటర్ల కింద ఉంటే దాని మొత్తం ఎత్తు 260. గోరంత తలుపు పక్కన ఇవి నిలబడగానే చూసేవాళ్లకు విషయం అర్థమైపోతుంది. నా ఫంక్షన్ హాల్లో తలుపు కూడా హాలుకు తగ్గట్టే ఉంది. అందుకే అది ఫంక్షన్ హాల్ అయింది.

తలుపు తెరిచి ఉంచండి. అందులోంచి బయటి ఎండ, ఆటో వెనక చక్రం, కాస్త తారు రోడ్డు కనిపించాలి. పది మిల్లీమీటర్ల వెడల్పులో అంతకన్నా పట్టదు, పట్టాల్సిన పని కూడా లేదు.

ఆరు పలకల బల్ల

చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. షడ్భుజిని పైనుంచి గీయడం బడిలో నేర్చుకున్నాం, వృత్తం గీసి అదే వ్యాసార్ధంతో చుట్టూ ఆరు గుర్తులు పెట్టేస్తే చాలు. పక్కనుంచి చూసినప్పుడే తిప్పలు.

బల్ల వెడల్పు ఎనిమిది అడుగులు, ఎత్తు మూడడుగులు అనుకుందాం. అది ఉన్న చోట అడుగుకు 12 మిల్లీమీటర్లు పడుతుంది. కాబట్టి బల్ల ముందు అంచు కింది నేల కంటి గీతకు 120 కింద, బల్ల పై అంచు 84 కింద. అక్కడ 96 మిల్లీమీటర్ల అడ్డగీత గీయండి. కంటి గీత మీద మధ్యలో ఒక చుక్క పెట్టి, ఈ గీత రెండు చివరల నుంచి ఆ చుక్క వైపు గీతలు లాగండి. 15 మిల్లీమీటర్లు పైకెళ్లాక అడ్డంగా ఇంకో గీతతో మూసేయండి. పీట ఆకారం వస్తుంది.

ముందు అంచును నాలుగు సమాన భాగాలు చేయండి, ఒక్కోటి 24. మొదటి గుర్తు, మూడో గుర్తు నుంచి చుక్క వైపు గీతలు లాగితే అవి వెనక అంచును రెండు చోట్ల తాకుతాయి. అక్కడికి నాలుగు మూలలు దొరికాయి. ఇక పీటకు ఆ మూల నుంచి ఈ మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటే నిజమైన నడుమ. స్కేలుతో కొలిచిన నడుమ కాదు, కాస్త వెనక్కి ఉంటుంది. దాని మీదుగా అడ్డగీత లాగితే పీట రెండు పక్కల మిగతా రెండు మూలలు. ఆరూ కలపండి. నడుమ నుంచి గాజు స్తంభం నిలువుగా లేపండి.

స్తంభాల కోసం గుడికి వెళ్లండి

ఇంటర్నెట్లో ఫొటోలు బోలెడు, నిజమే. అయినా ఒక పొద్దున వేయి స్తంభాల గుడికి వెళ్లి రాతి అరుగు మీద ఒక గంట కూర్చోండి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. ఆ స్తంభాలకు లేతు మీద తిప్పినట్టు కట్లు కట్లుగా గుండ్రటి అంచులు ఉంటాయి. వాటినే చూడండి. మీ కంటికి కిందున్న కట్టు అంచు కిందికి వంగిన విల్లులా, పైనున్నది పైకి వంగినట్టు, సరిగ్గా కంటి ఎత్తులో ఉన్నది అడ్డంగా సాపుగా గీత గీసినట్టు కనిపిస్తుంది. లేచి నిలబడితే అన్నీ మారిపోతాయి. ఫొటోలో ఇది పట్టుబడదు. ఓడ స్తంభాల మీద ఈ వంపులు సరిగ్గా పడితే ఎత్తు దానంతటదే తెలుస్తుంది.

వెయ్యీ గీయాలని కూర్చోకండి. ముందు వరసలో నాలుగు పూర్తిగా, వెనక మూడు సగం సగం, మిగతావి నీడలో నిలువు గీతలు. 1963 నాటి మొదటి సెట్లో ఒక పక్క గోడను ఫొటో పెద్దది చేసి అతికించి సరిపెట్టారు. టీవీ వాళ్లే అంత సర్దుకుంటే మనమెంత?

పైకప్పుకు నేను రామప్ప ఇటుకలు వాడుకున్నాను. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. దాని శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. గాల్లో తిరిగే ఓడకు ఇంకెక్కడి నుంచి తెస్తాం? కీర్తి తోరణాన్ని మాత్రం దయచేసి వదిలేయండి. రాష్ట్ర చిహ్నం నుంచి బిర్యానీ సెంటర్ బోర్డు దాకా అన్ని చోట్లా అదే ఉంది.

గోడలు, బల్ల మీది సామాను

టార్డిస్ గోడల నిండా గుండ్రటి గుంటలు ఉంటాయి. వాటి బదులు మన పాత భవంతి ఇళ్లలో ఉండే దీపపు గూళ్లు పెట్టి చూడండి. వరసగా పైదాకా గూళ్లు, పైభాగాన మసి. మసి మర్చిపోవద్దు. అది లేకపోతే కొత్తగా కట్టిన రిసార్టులా ఉంటుంది.

బల్ల మీద వరసగా మెరిసే బటన్లు పెడితే అది లిఫ్టు అయిపోతుంది. 2010లో వచ్చిన సెట్లో కంట్రోల్ బల్ల మీద టైప్‌రైటరు, నీళ్ల కుళాయిలు కూడా ఉన్నాయి. ఆ చిలిపితనం మనకూ కావాలి. నా బల్లకు కుట్టు మిషన్ చక్రం ఉంది, పాత కరెంటు మీటరు ఉంది, బ్రేకు వేస్తే కూసే కుక్కర్ విజిల్ ఉంది, కాజీపేట రైల్వే జంక్షన్ గుర్తుగా గార్డు ఊపే పచ్చజెండా ఒకటి. ప్రతి వస్తువూ తిప్పేదో, లాగేదో, తొక్కేదో అయి ఉండాలి, చేతికి పని చెప్పాలి.

గాజు స్తంభం లోపల ఏముండాలా అని చాలా రోజులు తేలలేదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం ముందు నిలబడి చూశాక తేలింది. పడుగు దారాలు పైకీ కిందికీ లేస్తుంటే మధ్యలోంచి పేక దూసుకుపోతోంది. ఓడ కదులుతున్నప్పుడు స్తంభం ఆడేదీ అలాగే కదా. గాజు లోపల నిలువుగా దారాలు గీసి, నడుమ పేక దారాన్ని మోసే నాడె ఒకటి పెట్టాను. ఓడ ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పే లాగ్‌బుక్కు బదులు గోడకు, కథను వరస బొమ్మల్లో చెప్పే చేర్యాల పటం వేలాడదీశాను, ఎర్రటి నేల మీద గళ్లు గళ్లుగా ఊళ్లు. కింద రెండు గళ్లు ఖాళీ.

వెలుగు, సిరా

రెండే వెలుగులు. గాజు స్తంభం నుంచి ఒకటి, తలుపులోంచి ఎండ ఒకటి. స్తంభాల నీడలన్నీ బల్లకు దూరంగా పరుచుకోవాలి, బల్ల వైపు ముఖం తెల్లగా ఉండాలి. దగ్గరివి 0.8 పెన్నుతో, నడిమివి 0.3తో, తలుపు చుట్టుపక్కలవి 0.1తో. రంగులు వేస్తే స్తంభం వెలుగు చల్లని ఆకుపచ్చ, తలుపు ఎండ పసుపు. ఆకుపచ్చకు చిన్న కథ ఉంది. మొదటి సెట్లో బల్లకు లేత ఆకుపచ్చ వేసింది అందం కోసం కాదు, తెలుపు వేస్తే అప్పటి బ్లాక్ అండ్ వైట్ కెమెరాల్లో మరీ మెరిసిపోతుందని.

పంచుకునేటప్పుడు

స్నేహితులకు చూపించండి, గోడకు తగిలించుకోండి. ప్రింట్లు తీసి అమ్మాలనుకుంటే మాత్రం ఆ పేరు, ఆ నీలి డబ్బా వాడకండి. పోలీసు డబ్బా ట్రేడ్‌మార్కు మాదంటే మాదని లండన్ పోలీసులకూ బీబీసీకీ వివాదం నడిచి, 2002లో బీబీసీ గెలిచింది. పోలీసుల మీదే గెలిచినవాళ్లతో మనకెందుకు? పాన్ డబ్బా మీద అయితే ఎవరికీ హక్కులు లేవు.

కొత్త బొమ్మ పూర్తయ్యాక మేనల్లుడికి చూపించాను. తలుపు మీద వేలు పెట్టాడు, అక్కడి నుంచి స్తంభాల మీదుగా పైకప్పు దాకా జరిపాడు. ఈసారి ఫంక్షన్ హాల్ అనలేదు. "గింత పెద్దగుంది గదా మామా, బాత్రూమ్ ఎటు?" అన్నాడు. కుడిపక్క గోడకు, రెండో స్తంభం వెనక, ఇప్పుడు ఇంకో దర్వాజ గీస్తున్నాను. దాని ఎత్తు కూడా నేలకూ కంటి గీతకూ సగమే.