మట్టిని చదవడం, మూడో పాఠం: బాట కింద నేల ఎంత గట్టిపడింది?

పోయిన పాఠంలో తడి మట్టిని వేళ్ల మధ్య నొక్కి సాగదీసి అది చెలకా (ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర నేల), దుబ్బా (వదులు ఇసుక నేల), రేగడా (నల్ల బంకనేల) అని తేల్చుకున్నాం. ఆ పని చేయనివాళ్లు ముందు అది చేసి రండి, ఈ పాఠంలో వచ్చే అంకెలకు మట్టి రకం తెలియకపోతే అర్థం ఉండదు.

ఒక కాలిబాట వెతుక్కోండి. ఊళ్లో అయితే చెలక మీదుగా పోయే బాట, హనుమకొండలోనో వరంగల్‌లోనో ఉంటే గ్రౌండ్‌లో రోజూ వాకింగ్ చేసేవాళ్లు తొక్కిన గీత అయినా చాలు. పనిముట్లు తీయకముందు కింద కూర్చుని మొక్కలు చూడండి. బాట నట్టనడుమ ఏమీ మొలవదు, అంచున గరిక, పల్లేరు నేలకు అంటుకుని పాకుతుంటాయి, ఇంకాస్త అవతలికి పోతేనే నిలువుగా ఎదిగే గడ్డి, తంగేడు కనబడతాయి. గరికను ఎంత తొక్కినా ఆకు పోతుందే తప్ప మళ్లీ చిగురేసే కణుపులు మట్టిలో భద్రంగా ఉంటాయి, తంగేడు మొలకకు చిగురు కొసన ఉంటుంది కాబట్టి ఒక్క కాలు పడితే దాని పని అయిపోతుంది.

ఇప్పుడు కొలత. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని బాట మీద ఒకసారి, పదడుగులు పక్కకు జరిగి ఒకసారి అరచేత్తో నొక్కండి. ఎంత దిగిందో రాసుకోండి. రెండుచోట్లా మట్టిలో పదును, అంటే తడి, ఒకేలా ఉండాలి, ఎండిన చెలక ఎవరూ తొక్కకపోయినా రాయిలాగే ఉంటుంది.

తర్వాత సుమారు 7 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవున్న పైపు ముక్కను పైన చెక్క పెట్టి, అంచు నేలతో సమానమయ్యేదాకా మెల్లగా కొట్టండి. చుట్టూ తవ్వి, మట్టి రాలకుండా పైకి తీసి, రెండు కొసల్లో ఎక్కువున్నది కత్తితో చెక్కేయండి. పైపులో పట్టేది 385 ఘనసెంటీమీటర్లు. ఆ మట్టిని పాత పెనం మీద సన్న సెగకు వేయించాలి, తొందరపడొద్దు. మధ్యమధ్యలో పైన ఒక అద్దం ముక్క పట్టుకోండి, అద్దానికి ఆవిరి పట్టడం ఆగిందంటే తడి పోయినట్టే. చల్లారాక తూకం వేసి 385తో భాగించండి, వచ్చేదే నేల సాంద్రత, అంటే ఒక్కో ఘనసెంటీమీటరులో ఎన్ని గ్రాముల ఎండు మట్టి ఉందో. 500 గ్రాములు వస్తే 1.3, 616 వస్తే 1.6.

మట్టి రేణువుల సాంద్రత 2.65 అనుకుంటే, 1.3 దగ్గర నేలలో దాదాపు సగం ఖాళీ ఉన్నట్టు, 1.6 దగ్గర అది 40 శాతానికి తగ్గినట్టు. పైగా ముందు మూసుకుపోయేవి పెద్ద సందులే, నీళ్లు దిగేదీ, గాలి ఆడేదీ, వేరు దూరేదీ వాటిల్లోంచే. రేగడిలో 1.5 దగ్గరికొస్తేనే వేరు ఆగిపోతుంది, ఇసుకపాలు ఎక్కువున్న చెలకలో 1.8 దాకా తట్టుకుంటుంది. రేగడి ఎండాకాలం పర్రెలు విచ్చి కొంత తనంతట తానే వదులవుతుంది, ఎర్ర చెలకకు ఆ గుణం లేదు, అందుకే చెలక మీద బాటల విషయంలో నాకు ఎక్కువ పట్టింపు.

నష్టంలో ఎక్కువ భాగం మొదటి అడుగులతోనే జరిగిపోతుంది. అప్పటికే గట్టిపడ్డ బాట మీద ఇంకో వందమంది నడిచినా పెద్ద తేడా రాదు, అదే వందమంది తలా ఒక దారిన పోతే చేనంతా పాడవుతుంది. కాబట్టి ఒకటే బాట పెట్టుకుని అందరూ దాని మీదే నడవడం మేలు. ఇక వాన వెలిసిన మర్నాడు నడిచే నడక ఎండాకాలం నడక కంటే ఎన్నో రెట్లు చెరుపు చేస్తుంది. మేడారం జాతర మాఘమాసంలో వస్తుంది కాబట్టి మెట్ట నేల చాలావరకు ఆరి ఉంటుంది, అంతమంది శ్రావణంలో తిరిగితే ఆ నేల సంగతి వేరేగా ఉండేది. బర్రెలకూ ఇదే లెక్క, బరువెక్కువ, గిట్ట చిన్నది, అందుకే తడి చేన్లోకి తోలొద్దు.

కరిగెటలో, అంటే వరి నాటే బురద మడిలో, మాత్రం మనమే కావాలని నేలను బిగిస్తాం. నీళ్లు నిలిపి బురదగా దున్ని దమ్ము చేస్తే కింద, సుమారు జానెడు లోతులో, గట్టి పొర కడుతుంది, వరికి నీళ్లు ఇంకిపోకుండా అదే కాపాడుతుంది. చిక్కు అంతా యాసంగిలో అదే మడిలో మక్క వేసినప్పుడు వస్తుంది. కోత అయ్యాక ఒక మక్క మోడును పీకకుండా చుట్టూ తవ్వి చూడండి: వేర్లు ఆ పొర దాకా నిలువుగా దిగి, అక్కడ తగిలి అడ్డంగా పాకి ఉంటాయి. ఆ పైరు పై జానెడు తడి మీదే బతికింది కాబట్టి ఒక్క తడి ఆలస్యమైనా వాడుతుంది.

వచ్చే పాఠానికి బాట మీది అంకె, పక్కది, వీలైతే మక్క మడిలో జానెడు లోతుది, మూడూ రాసి ఉంచుకోండి. వాటిని బట్టే ఎక్కడ లోతుగా దున్నాలో, ఎక్కడ జనుము చల్లి వదిలేస్తే సరిపోతుందో చూద్దాం.