ఫర్ఫ్యూరల్ నుంచి జెట్ ఇంధనం: సంఘననం ముందుకు సాగనప్పుడు ఉత్ప్రేరకాన్ని అనుమానించే ముందు

గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెలు, చెరకు పిప్పి వంటి వాటిలోని పెంటోజాన్లను (5 కార్బన్ల చక్కెరల గొలుసులను) ఆమ్లంతో కాచినప్పుడు వచ్చే ఫర్ఫ్యూరల్‌లో ఉండేవి 5 కార్బన్లే. విమాన ఇంధనానికి సుమారు 8 నుంచి 16 కార్బన్ల గొలుసులు కావాలి గనుక, క్షార ఉత్ప్రేరకంతో దానిని అసిటోన్‌కు జోడించి 8 కార్బన్ల, 13 కార్బన్ల పదార్థాలుగా పెంచి (ఈ జోడింపే సంఘననం), ఆపైన హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ను తొలగిస్తారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డ్యూమెసిక్ బృందం 2005లో చూపిన దారి ఇదే. రియాక్టరు నడపడం, నమూనా తీయడం, క్రోమటోగ్రామ్ చదవడం వచ్చినవారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

లక్షణం: సంఘననం మందకొడిగా మొదలై 8 కార్బన్ల దగ్గరే నిలిచిపోతుంది

రెండు ఫర్ఫ్యూరల్‌లకు ఒక అసిటోన్ చొప్పున కలిపినా, 13 కార్బన్ల పసుపుపచ్చని పదార్థం విడిపోదు. ద్రావణం ఎర్రబారుతుంది, క్రోమటోగ్రామ్‌లో 8 కార్బన్ల శిఖరం మాత్రమే కనిపిస్తుంది. ఈ స్థితిలో నన్ను సలహా అడిగిన ప్రతివారూ ఉత్ప్రేరకాన్ని మార్చి చూశామనీ, ఉష్ణోగ్రత పెంచి చూశామనీ, కలియబెట్టే వేగం కూడా మార్చామనీ చెబుతారు. ఫర్ఫ్యూరల్‌లో ఆమ్లం ఎంత ఉందో చూశారా అని అడిగితే మాత్రం, సీసా కొత్తదేనన్న జవాబు వస్తుంది. నేను అడిగింది సీసా వయసు కాదు.

ఫర్ఫ్యూరల్ గాలి తగిలితే నెమ్మదిగా ఆక్సీకరణం చెంది ఫ్యూరోయిక్ ఆమ్లాన్ని ఇస్తుంది. దానికి తోడు, కండెల నుంచి తీసిన సరుకులో అసిటిక్ ఆమ్లం మొదటి నుంచే కొంత ఉండవచ్చు. ఈ ఆమ్లాలు చేసే నష్టం ఎంతో లెక్క వేస్తే తప్ప నమ్మకం కలగదు. 96 గ్రాముల ఫర్ఫ్యూరల్ అంటే ఒక మోల్. అందులో 2 శాతం ఫ్యూరోయిక్ ఆమ్లం ఉంటే అది 0.017 మోల్. ఉత్ప్రేరకంగా మీరు వేసిన సోడియం హైడ్రాక్సైడ్ 0.8 గ్రాములు అనుకుంటే అది 0.02 మోల్. అంటే చర్య మొదలు కాకముందే క్షారంలో ఏడింట ఆరు వంతులు ఆమ్లాన్ని తటస్థీకరించడానికే ఖర్చయిపోయింది. మిగిలిన ఆ ఒక్క వంతుతోనే సంఘననమంతా జరగాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మరికొంత క్షారం పోయడం. ఫర్ఫ్యూరల్‌లో ఆల్డిహైడ్ పక్కన ఆల్ఫా హైడ్రోజన్ లేదు గనుక, క్షారం గాఢత పెరిగే కొద్దీ అది కన్నిజారో చర్యకు (రెండు ఆల్డిహైడ్ అణువులలో ఒకటి ఆల్కహాలుగా, మరొకటి ఆమ్ల లవణంగా మారే చర్యకు) లోనై సగం ఫర్ఫ్యురైల్ ఆల్కహాలుగా, సగం ఫ్యూరోయేట్ లవణంగా మారుతుంది. ఆ లవణం ఏర్పడిన ప్రతిసారీ అంతే క్షారం ఖర్చవుతుంది. మీరు పోసిన క్షారమే దాన్ని తినివేసే ఆమ్లాన్ని తయారుచేస్తుందన్నమాట. ఈలోగా ఫ్లాస్కు అడుగున తారు పేరుకుంటుంది.

నేనూ ఒకసారి దీనికి మూడు వారాలు పోగొట్టుకున్నాను. ఆ ఫర్ఫ్యూరల్‌ను నేనే స్వేదనం చేశాను, రంగు లేత తేనెలా ఉంది, అందువల్ల దాని మీద అనుమానమే కలగలేదు. ఉత్ప్రేరకాన్ని మూడుసార్లు కొత్తగా తయారుచేసినా ఫలితం మారలేదు. చివరికి విసుగుతో 5 గ్రాములు తూచి టైట్రేషన్ చేస్తే, అంటే ఆమ్లం తటస్థమయ్యేవరకు కొలిచిన క్షారం పోసి చూస్తే, 0.1 నార్మల్ క్షారం 7.5 మిల్లీలీటర్లు పట్టింది, అంటే సుమారు 1.7 శాతం ఆమ్లం. సీసా మూడింట రెండు వంతులు ఖాళీ అయి, రోజూ మూత తెరుచుకుంటూ, కిటికీ పక్కన ఉంది. రంగు తెచ్చేది రెజిను, క్షారాన్ని తినేది ఆమ్లం. ఈ రెండూ ఒకే వేగంతో పెరగవు కాబట్టి, రంగు బాగుందని ఆమ్లం లేదనుకోవడం చెల్లదు.

పరీక్ష పది నిమిషాల పని. ముందుగా తటస్థీకరించిన 50 మిల్లీలీటర్ల చల్లని ఇథనాల్‌లో 5 గ్రాముల ఫర్ఫ్యూరల్ కలిపి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయాలి. సరుకు గోధుమ రంగులో ఉంటే ఫినాఫ్తలీన్ గులాబీ రంగు కనిపించదు కనుక పీహెచ్ మీటరు వాడటం మేలు. ఒక్కో మిల్లీలీటరు 11.2 మిల్లీగ్రాముల ఫ్యూరోయిక్ ఆమ్లానికి సమానం. అర మిల్లీలీటరు దాటితే నేను ఆ సరుకును వాడను.

దాటినప్పుడు పరిష్కారం మళ్లీ స్వేదనమే, అయితే కొంత జాగ్రత్తగా. బరువులో సుమారు 7 శాతం సోడియం కార్బొనేట్ వేసి, తగ్గించిన పీడనంలో స్వేదనం చేసి, తొలి భాగాన్ని పారబోయాలి. వాతావరణ పీడనంలో అది 162 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంత వేడిలో ఫ్లాస్కులోనే కొంత పాడవుతుంది. వచ్చినదాన్ని చిన్న చిన్న ముదురు రంగు సీసాలలో అంచుల వరకు నింపి, పైన నైట్రోజన్ కప్పి, ఫ్రిజ్‌లో పెట్టాలి. సీసా మీద రాయవలసినది కొన్న తేదీ కాదు, చివరి టైట్రేషన్ తేదీ.

ఘన క్షారాలైన మెగ్నీషియం ఆక్సైడ్, కాల్సినేషన్ చేసిన (అధిక వేడిలో కాల్చిన) హైడ్రోటాల్సైట్ అనే మెగ్నీషియం-అల్యూమినియం ఖనిజం వాడేవారికీ ఇదే వర్తిస్తుంది. వారికి మొదటి పరుగు బాగానే ఉండి, మళ్లీ వాడిన ప్రతిసారీ ఫలితం తగ్గుతూ పోతుంది, ఎందుకంటే ఆమ్లం క్షార కేంద్రాలకు అతుక్కొని కడిగినా పూర్తిగా పోదు. ఈ పదార్థాలను గాలిలో వదిలితే తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుంటాయి. అందుచేత వాడే ముందు 450 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్సినేషన్ చేసి, వేడి తగ్గగానే గాలి తగలకుండా రియాక్టరులో వేయాలి.

లక్షణం: హైడ్రోజన్ దశలో పీడన భేదం పెరుగుతూ పోతుంది

దాదాపు ప్రతిసారీ కారణం తొందరే. సంఘననంలో వచ్చిన పదార్థంలో ద్విబంధాలు చాలా ఉంటాయి. దాన్ని నేరుగా 250 డిగ్రీలు దాటిన ఉత్ప్రేరక బెడ్ మీదికి పంపితే పాలిమరై కోక్‌గా (బొగ్గులాంటి మడ్డిగా) పేరుకుంటుంది. ముందు పల్లాడియం మీద 100 నుంచి 140 డిగ్రీల మధ్య ద్విబంధాలను హైడ్రోజన్‌తో నింపి, ఆ తరువాతే వేడి బెడ్‌కు పంపాలి. ఆ పని చేసినా పీడనం పెరుగుతుంటే ఫీడ్ గొట్టాన్ని చేత్తో తాకి చూడండి. 13 కార్బన్ల పదార్థం గది ఉష్ణోగ్రతలో ఘనం, చల్లగా ఉన్న మలుపులో గడ్డకట్టి ఉండవచ్చు.

లక్షణం: తుది ద్రవంలో ఆల్కహాళ్లు, వలయ ఈథర్లు మిగిలిపోతున్నాయి

ఇక్కడ మళ్లీ మొదటి దోషమే వేరే రూపంలో ఎదురవుతుంది. ఫ్యూరోయేట్‌గా, మిగులు క్షారంగా ఉన్న సోడియం కడగకుండా ముందుకు పోతే, వేడి బెడ్‌లో ప్లాటినం ఉత్ప్రేరకానికి ఆధారంగా ఉండే సిలికా-అల్యూమినా మీది ఆమ్ల కేంద్రాలను అది ఆక్రమిస్తుంది. నీటిని తొలగించే పని ఆ కేంద్రాలదే కనుక, ప్లాటినం ఎంత చురుకుగా ఉన్నా ఆక్సిజన్ పూర్తిగా పోదు. సంఘనన ఉత్పత్తిని గోరువెచ్చని నీటితో, కడిగిన నీటి పీహెచ్ తటస్థమయ్యేవరకు కడగాలి. కడగడం ఇష్టం లేక హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తటస్థీకరించి వదిలేసేవారు స్టీలు గొట్టాలకు క్లోరైడ్‌ను కానుకగా ఇస్తున్నట్లే.

లక్షణం: ఉత్పత్తి ఫ్రీజర్‌లో గడ్డకట్టింది

ఇది దోషం కాదు. సరళ గొలుసు ట్రైడెకేన్ సుమారు మైనస్ 5 డిగ్రీల వద్దే గడ్డకడుతుంది, విమానాల్లో వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 వరకు గడ్డకట్టకూడదు. ఐసోమరీకరణ (సరళ గొలుసును కొమ్మల గొలుసుగా మార్చే) దశ ఇంకా మిగిలి ఉందని దీని అర్థం.

అసిటోన్‌లో తేమ, హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్, థర్మోకపుల్ తప్పు చూపడం వంటివి కూడా కారణాలు కావచ్చు గాని, ఇన్నేళ్లలో నాకు అవి ఒకటి రెండుసార్లకు మించి ఎదురుకాలేదు. టైట్రేషన్ అంకె చేతికి వచ్చాకే వాటి జోలికి వెళ్లండి.